అక్కయ్య ముళ్లు తీసిన పైక్ చేప

మా అక్కయ్య పోయింది. అక్కయ్య అంటే నా తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య, నాకు తోడికోడలు. గురువారం మధ్యాహ్నం ఆఫీసులో నా టేబుల్ మీద ఫోన్ మోగింది. బావగారి గొంతు. "అమ్మాయ్, మీ అక్క డ్యూటీ దిగి పార్కింగ్ లాట్‌లోకి వచ్చి పడిపోయిందంట. మెదడులో నరం చిట్లిందన్నారు. పోయిందమ్మా" అన్నారు. దానికి నేనేమన్నానో తెలుసా? "కారు తాళాలు ఎవరి దగ్గరున్నాయి బావగారూ?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "తెలీదమ్మా, కనుక్కుంటాను" అన్నారు. ఇద్దరం ఫోన్లు పెట్టేశాం. నేను మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుని, చేస్తున్న పని చేసుకుంటూ పోయాను. పక్క సీటామె నా ముఖం చూసి లేచి వచ్చేదాకా నాకు ఏడవాలని కూడా తట్టలేదు.

ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు. జ్వరమొచ్చినా సెలవు పెట్టని మనిషి. హాస్పిటల్లో నర్సు, పడిపోయింది ఆ హాస్పిటల్ గుమ్మం ముందే. పరుగెత్తుకొచ్చిన వాళ్లందరూ ఆమెతో కలిసి కాఫీ తాగేవాళ్లు. ఎవరి వల్లా ఏమీ కాలేదు. ముందురోజు రాత్రి నాకు ఫోన్ చేసి, "శనివారం చలి ఎక్కువుంటుందంట, రెండు స్వెట్టర్లు వేసుకో" అంది. ఆ శనివారం మేం సమాధి దగ్గర నిలబడ్డాం. నాకు కోపంగా ఉంది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను.

అరోరా చర్చిలో మన తెలుగు ఆరాధనకి వచ్చేవాళ్లందరికీ ఆమె తెలుసు. మీ పిల్లల్లో సగంమందికి ఆమే టీకాలు గుర్తు చేసేది. ఆవిడ గురించి మన సంఘ పత్రికకి రాయమని సంపాదకులు అడిగితే ఒప్పుకున్నాను గాని, ఇది రాస్తున్నంతసేపూ నా మనసు బావగారి మీదే ఉంది. ఆయన తినడం లేదు. నల్ల కాఫీ తప్ప ఏమీ నోట్లో పెట్టడం లేదు. నర్సులు ఓవెన్‌లో వండి తెచ్చిన క్యాసరోల్స్, మీరు తెచ్చిన బిర్యానీలు, అన్నీ ఫ్రిజ్‌లో వరసగా ఉన్నాయి. ఆయనకి షుగర్ ఉందని మీకు తెలుసు. మాత్రలు వేసుకుంటూ తిండి మానేస్తే ఏమవుతుందో అక్కయ్య ఉంటే అరిచి చెప్పేది. మొన్న హాల్లో నడుస్తూ తూలి గోడ పట్టుకున్నారు. నేను బతిమాలాను, మా ఆయన కోప్పడ్డారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు. "ఆకలి లేదమ్మా" అన్నదే ఆయన మాట.

ఇంతకీ నేను చెప్పాల్సింది అక్కయ్య గురించి. అక్కయ్య అంటే నాకు ముందు గుర్తొచ్చేది యూనిఫాం కాదు, పడవ.

డెబ్బైల చివర్లో నేను ఈ దేశం వచ్చాను. మా ఆయన షిఫ్టులకి పోయేవారు, నాకు డ్రైవింగ్ రాదు. అపార్ట్‌మెంట్‌లో కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని. ఒక శనివారం పొద్దున్నే అక్కయ్య వచ్చి తలుపు కొట్టింది. "ఏడ్చేదేదో పడవలో ఏడు, పద" అంది. కార్‌లో ఉత్తరంగా, విస్కాన్సిన్ సరిహద్దు దాటి తీసుకెళ్లింది. అద్దె పడవ. నాకు ఈత రాదు. నేను రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని వణుకుతుంటే, ఆమె తల వంచి, "ప్రభువా, పడవ తిరగబడకుండా చూడు, మిగతాది మేం చూసుకుంటాం" అని ప్రార్థన చేసి తెడ్డు అందుకుంది. అన్నేళ్లలో ఆ ప్రార్థనలో ఒక్క మాట మార్చలేదు.

ఆమె పుట్టిల్లు డెల్టాలో, కాలవ పక్కన. వాళ్ల నాన్న బడిపంతులు, సాయంత్రమైతే గాలానికి కప్పను గుచ్చి కొర్రమీను పట్టేవాడట. అందుకని ఈ దేశంలో మొదటిసారి పైక్ చేపను చూసినప్పుడు అక్కయ్య కేక పెట్టింది. పొడుగాటి ఒళ్లు, గడ్డిలో దాక్కుని మీదపడే బుద్ధి, పచ్చటి వీపు. "కొర్రమీనే! దీనికి బాతు మూతి పెట్టారు, అంతే తేడా" అంది. అక్కడ మొదలైంది పొరపాటు. మన జిల్లాల వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటది.

ముందు గాలంతోనే దెబ్బతింది. వాళ్ల నాన్నలాగే రబ్బరు కప్ప కొని, మామూలు నైలాన్ దారానికి కట్టి, తామరాకుల మధ్య విసిరింది. నీళ్లు భళ్లున లేచాయి. లాగింది. దారం ఖాళీగా వచ్చింది, కత్తెర పెట్టి కోసినట్టు. మళ్లీ కట్టింది, మళ్లీ తెగింది. ఒడ్డున ఎరలమ్మే కొట్టు ముసలాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "లేడీ, స్టీల్ లీడర్ ఏది? వాటి పళ్లు చూశావా?" అని, గాలానికీ దారానికీ మధ్య కట్టే జానెడు ఉక్కు తీగ ఒకటి చేతిలో పెట్టాడు. అక్కయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా నాన్నకి ఇది అక్కర్లేకపోయింది" అంది నాతో, తెలుగులో. అయినా కట్టింది. ఆ పూటే మొదటి పైక్ పడవలోకి వచ్చింది.

ఆ ఆదివారం ఆరాధన తర్వాత భోజనాలకి పులుసు పెట్టి తెచ్చింది. కొర్రమీనుని కోసినట్టే అడ్డంగా చక్రాల్లా ముక్కలు కోసింది. కొర్రమీనుకి నడుమ ముల్లు తీసేస్తే పిల్లలు కూడా తినేస్తారు. పైక్ అలాంటిది కాదు. దాని కండలో, వెన్నుకి పక్కగా, రెండు పాయలుగా చీలిన సన్నటి ముళ్లు తోక వైపు దాకా వరసగా ఉంటాయి. అడ్డంగా కోస్తే ప్రతి ముక్కలోనూ అవే. ఆ రోజు బావగారు సంఘ పెద్దగా ప్రకటనలు చెప్పాలి. నోట్లో ముద్దతోనే లేచారు. "వచ్చే వారం..." అని ఆగిపోయారు, ముల్లు గొంతులో దిగింది. అన్నం ముద్దలు మింగించాం, అరటిపండు మింగించాం. ఏదీ పని చెయ్యలేదు. చివరికి అక్కయ్యే ఆయన్ని కార్‌లో వేసుకుని తన హాస్పిటల్‌కే ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. తోటి నర్సులు ఎంత నవ్వారో! బావగారు మాత్రం ఇంటికొచ్చి ఒకే మాటన్నారు. "ఈ చేప నా కంచంలోకి రాకూడదు."

ఇంకొకరైతే కొట్లో దొరికే ముళ్లు లేని కాడ్ చేప కొని వండుకునేవారు. అక్కయ్యకి అది పరువు సమస్య అయిపోయింది. "ఆయన చేత తినిపించకపోతే చూడు" అంది. గరాజ్‌లో చెక్క వేసుకుని ప్రతి శనివారం కూర్చునేది. ముందు వీపు మీది కండ ఒక పలకలా తీసేది. తర్వాత పక్కల కండ. కత్తి పక్కన పెట్టి, తడి వేళ్ల కొసలతో మెల్లగా రాస్తూ పోయేది, ముళ్ల వరస ఎక్కడుందో చూపుతో కాదు, వేళ్లతో పట్టుకోవాలి. వరస దొరికాక దానికి అటూ ఇటూ రెండు గాట్లు పెట్టి, ముళ్లతో సహా సన్నటి పట్టీలా లేపేసేది. మొదట్లో సగం చేప ఆ పట్టీలోనే పోయేది. "నరం వెతకడం కన్నా కష్టంగా ఉందే" అని తిట్టుకునేది. ముక్క వేయించి ముందు తనే తినేది, కళ్లు మూసుకుని, నెమ్మదిగా. ముల్లు తగిలితే ఆ వారం ఆయనకి పప్పే.

పడవలో నాకు నేర్పిన చదువు వేరు. ఎరుపూ తెలుపూ రంగులున్న రేకు ఎరను, దాన్ని చెంచా అంటారు, గడ్డి అంచుకి విసరాలి, గడ్డిలోకి కాదు. రీలు చుట్టుకుంటూ పోకూడదు. "లాగడం ఎవరికైనా వస్తుందే, ఆపడం నేర్చుకో" అనేది. లాగి, ఆపి, చెంచా తేలిగ్గా కిందికి జారుతున్నప్పుడు పట్టుకుంటుంది పైక్. ఒక్కోసారి పడవ దాకా వెంట వచ్చి, కదలకుండా నిలబడి మనల్ని చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. "పెళ్లిచూపులకొచ్చి కబురు చేస్తామని పోయిందే" అనేది అక్కయ్య. నేను పగలబడి నవ్వేదాన్ని. అలా నవ్విన రోజున నేను పడవ అంచు వదిలేశానని ఇంటికొచ్చాక గమనించాను. ఆ శనివారాలు లేకపోతే నేను తిరుగు టికెట్ కొనుక్కునేదాన్నే. ఈ మాట ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు, ఆమెకి తెలుసనుకుంటాను.

పెద్ద చేపలని ఉంచుకునేది కాదు. "గుడ్లు పెట్టేవి ఇవే, పోనీ" అనేది. చేప నోరు మూసుకోకుండా స్ప్రింగు పెట్టి, హాస్పిటల్లో పాతబడిపోయిన పొడుగాటి ఫోర్సెప్స్‌తో గాలం తీసేది. తీస్తూ, "కొంచెం ఓర్చుకో అమ్మా, అయిపోయింది, అయిపోయింది" అనేది చేపతో. ఈ చేపకి తెలుగెలా అర్థమవుతుందని అడిగితే, "వారమంతా పేషెంట్లకి ఇంగ్లీషులోనే చెప్తున్నాగా" అంది. నీళ్లలో దాన్ని రెండు చేతులతో నిలబెట్టి పట్టుకునేది. అది తోక ఊపి తనంతట తను పోయేదాకా చేతులు తీసేది కాదు, నీళ్లు ఎంత చల్లగా ఉన్నా సరే.

బావగారి వ్రతం ఎలా చెడిందో చర్చిలో అందరికీ తెలిసిన కథే. ఒక ఆదివారం మెత్తటి ముక్కల పులుసు పెట్టింది. "ఇదేం చేప?" అన్నారాయన. "కాడ్ అండీ" అంది. తిన్నారు. మళ్లీ వేయించుకున్నారు. "కాడ్ ఇంత రుచిగా ఎప్పుడూ లేదే" అన్నారు. "మనింట్లో కాడ్ కొనడం మానేసి చాన్నాళ్లయింది" అంది అక్కయ్య, మజ్జిగ పోస్తూ. బావగారు కంచం వైపు చూశారు, ఆమె వైపు చూశారు, తినడం మాత్రం ఆపలేదు. ఆనాటి నుంచీ ప్రతి ఆదివారం ఆయన పైక్ పులుసు కలుపుకుని, ఎడంచేత్తో పేపర్ పట్టుకుని చదువుతూ తినేవారు. ముళ్లున్న చేప తినేవాడు ఎవడైనా పేపర్ చదువుతాడా? మా ఆయన వెక్కిరిస్తే, "మీ వదిన చెయ్యి పడ్డాక ఇంకేం చూడాలిరా" అనేవారు. నేను చూసిన కాపురాల్లో అంత ధీమా ఇంకెక్కడా లేదు.

చివరిసారి మేం వెళ్లింది ఆమె పోవడానికి ముందు శనివారమే. ఆకులు రాలిపోయాయి, గడ్డి చచ్చిపోయింది, చేపలు లోతుకి దిగాయి. మధ్యస్తంగా ఉన్నది ఒకటి దొరికింది. తిరుగు దారిలో హీటర్ వేసుకుని, వచ్చే వేసవికి నాకు సొంత ఫిషింగ్ రాడ్ కొనిపెడతానని చెప్పింది. గరాజ్‌లో చేప కోసి, ప్యాకెట్ కట్టి ఫ్రీజర్‌లో పెట్టింది. ఆ ఆదివారం మాకు అందరికీ ఎవరింట్లోనో పెళ్లిరోజు భోజనాలు, అందుకని అది అలాగే ఉండిపోయింది.

మొన్న బావగారు తూలి గోడ పట్టుకున్నాక నాకు ఆ ప్యాకెట్ గుర్తొచ్చింది. తియ్యాలంటే చెయ్యి రాలేదు. అక్కయ్య చేత్తో తాకిన చివరి తిండి అది. వండితే అయిపోతుంది. కానీ ఉంచి ఏం చేసుకుంటాను, ఎదురుగా మనిషి ఎండిపోతుంటే? పై మాటలన్నీ రాసి ఆపి, నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళ్లి పులుసు పెట్టాను. ఆమె లాగే చింతపండు పల్చగా, పచ్చిమిర్చి నిలువుగా చీరి. ముక్కలని నేను తడిమి చూడలేదు. అక్కయ్య తీసిన ముక్కలని ఎవరూ చూడరు.

కంచం ముందు పెట్టి, "అక్కయ్య కోసిందే బావగారూ, ఆ శనివారానిది" అన్నాను. ఆయన కంచం దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత చెయ్యి కడుక్కొచ్చి, అన్నం కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. వంటింటి గోడకి చేరగిలబడి కళ్లు తుడుచుకుంటున్నాను. అంతలో ఆయన నమలడం ఆపేశారు. నోట్లోంచి రెండు వేళ్లతో ఒక ముల్లు తీసి కంచం అంచున పెట్టారు.

"ఊసెయ్యండి బావగారూ! తినకండి!" అని పరుగెత్తాను. ఆయన ఎడంచెయ్యి ఎత్తి ఆగమన్నారు. ఇంకో ముక్క విడదీశారు. అందులోనూ ఉంది. ఇంకో ముక్కలోనూ. చీలిన ముళ్లు, ఒక్కటీ వదలకుండా, అన్నీ ఉన్నాయి. వరస మొత్తం అలాగే ఉండిపోయింది. నేను ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ రోజు సాయంత్రం వేళ్లు మొద్దుబారాయండీ అంది" అన్నారు బావగారు, ముక్క వైపు చూస్తూ. "నీళ్లు చల్లగా ఉన్నాయి కదా అన్నాను నేను. అవునులెండి అంది. వేళ్లకి దొరకలేదమ్మా మీ అక్కకి. దొరకలేదని కూడా తెలీలేదు."

నేను కంచం తీసేయబోయాను. ఆయన గట్టిగా పట్టుకున్నారు. "ఉండనీ" అన్నారు. పక్కనున్న పేపర్ మడిచి కింద పెట్టారు. ఒక్కో ముక్కనీ తడి వేళ్లతో నెమ్మదిగా తడిమి, ముల్లు వెతికి తీసి, ఆ ముక్క తిన్నారు. అన్నం అయిపోతే మళ్లీ పెట్టమన్నారు. పెట్టాను. గిన్నెలో పులుసు అయిపోయేదాకా ఆయన లేవలేదు.