ఆరని చెప్పి ఐదిచ్చాడు

పద్యనాటకాల్లో రాజు వేషమంటే నర్సీపట్నం చుట్టుపక్కల నా పేరే చెప్పేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు. శాలువాలు బీరువా పట్టనన్ని ఉన్నాయి. వాటిలో సగం రోలుగుంట హార్మోనిస్టుకి కప్పాల్సినవి. ముప్పై ఏళ్లు నా ప్రతి పద్యానికీ అతనే వాయించాడు.

మాలో నటుడు తన శ్రుతి ఎంతో చెబుతాడు, హార్మోనిస్టు హార్మోనియం పెట్టె మీద ఆ మెట్టు పట్టుకుంటాడు. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి లేవాలి. నాది ఆరు. చాలామంది ఐదు దాటలేరు. అరవై దాటినా ఆరులోనే పాడుతున్నానని మైకు దొరికిన చోటల్లా గొప్పలు పోయేవాణ్ణి. అతను తల వంచుకుని తమలపాకు నములుతుండేవాడు.

పోయినేడాది జీడిపిక్కల గోదాము మేడ మీద రిహార్సల్ చేస్తుంటే, ఎవరో ఫోన్‌లో శ్రుతి చూపించే యాప్ పెట్టారు. సరదాగా దాని ముందు పాడాను. ఐదని చూపించింది. మళ్లీ పాడాను. ఐదే.

"ఏటిది?" అన్నాను హార్మోనిస్టుతో.

"తగ్గించి శానా ఏళ్లయింది బావా," అన్నాడు మెల్లగా. "బాగానే పాడతన్నావు కదా."

ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ నా పరువు తీశావన్నాను. నీ చెవులు పోయాయన్నాను. ఇక్కడ రాయలేని మాటలు కూడా అన్నాను. అతను పెట్టె మీద గుడ్డ కప్పి, చెప్పులేసుకుని బస్సుకి వెళ్లిపోయాడు.

తర్వాతి నాటకానికి కీబోర్డు వాయించే అతన్ని పిలిపించి, ఆరు ఇవ్వమన్నాను. ఇచ్చాడు. మొదటి పద్యంలోనే పై స్థాయికి వెళ్లబోయి గొంతు చీలిపోయింది. జనం నవ్వలేదు, ఈల వేయలేదు. ముందు వరుసలో పెద్దాయన ఒకరు తల దించుకున్నారు. నవ్వినా బాగుండేది.

మర్నాడే రోలుగుంట వెళ్లాల్సింది. ఏ మొహం పెట్టుకుని వెళ్లనని రెండు నెలలు కూర్చున్నాను. హార్మోనిస్టుకి పక్షవాతం వచ్చిందని తెలిశాక గానీ కదల్లేదు.

కుడి చెయ్యి, మాట పడిపోయాయి. మంచం పక్కన కూర్చుని తప్పయిపోయిందన్నాను. అతని భార్య మంచినీళ్లిచ్చి, "ఆరులో ఉన్నాననుకుంటేనే మీ గొంతు బయం లేకుండా లేస్తాదనీవోరు అన్నయ్యగారూ. మీకు తెలీకూడదని నాసేత కూడా ఒట్టేయించుకున్నారు," అంది.

అతను ఎడమ చేత్తో పెట్టె చూపించాడు. ఆమె తెచ్చి మంచం మీద పెట్టింది. నన్ను మెట్టు నొక్కమని సైగ చేశాడు. ఐదు నొక్కాను. తల అడ్డంగా ఊపి, నా వేలు పట్టుకుని నాలుగు మీదకి జరిపాడు. తర్వాత ఎడమ చేత్తో పెట్టె వెనక గాలి తిత్తి ఆడిస్తూ, పాడమన్నట్టు గడ్డం ఎగరేశాడు.

శ్రుతి గదంతా నిండింది. నోరు తెరిచాను. ఏడుపు తప్ప ఏమీ రాలేదు. అతను ఆపకుండా తిత్తి ఆడిస్తూనే ఉన్నాడు, నా మొహంలోకి చూస్తూ. చెయ్యి అలిసిపోయేదాకా ఆడించాడు.

"శుక్రవారం వచ్చి పాడతాను," అని లేచి వచ్చేశాను.

బుధవారం పోయాడు. నేనన్న మాటలకి బదులుగా నన్నేమీ అడగలేదు, ఒక్క పద్యం పాడమన్నాడు. అదీ పాడలేకపోయాను.