మూడో పిలుపు

మా అమ్మకు ఒక పట్టింపు ఉండేది. మనిషి కనబడకుండా పేరుపెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు. మూడోసారీ పిలిస్తేనే మనిషి, అంతకుముందు ఏదైనా కావచ్చు. గజపతినగరం దగ్గర మా ఊళ్లో పిల్లలందరం నవ్వుకుంటూనే ఆ మాట పాటించాం.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా వచ్చాక ఆ నవ్వు పోయింది. వాడికి గోడల్లోంచి మగగొంతులు వినిపించేవి. మూడుసార్లేమిటి, పొద్దస్తమానం పిలిచేవి, తిట్టేవి. వరికోతల మధ్యలో కొడవలి విసిరేసి, కనబడనివాళ్లతో పోట్లాడేవాడు.

విజయనగరంలో డాక్టరు మాత్రలు రాశాడు. కొన్ని వారాలు పోయాక గొంతులు దూరం జరిగాయి.

"పక్కూరి మైకులాగుంది" అన్నాడు తమ్ముడు.

ఆ తర్వాత ఎప్పుడైనా సన్నగా ఒక పిలుపు, అంతే. మత్తు, చేతుల వణుకు వచ్చాయి. పాత హుషారు మాత్రం రాలేదు. అయినా వాడు మళ్లీ మా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. మాకు అదే పండగ.

మిగిలిన ఆ సన్నటి పిలుపుకి అమ్మ తన వైద్యం చెప్పింది. "మూడోసారి పిలిస్తేనే పలకరా నాయినా. ఆ గొంతులకి ఇప్పుడంత ఓపిక నేదు."

నిజంగానే పనిచేసింది. ఆ మాట తలచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం నేను మిల్లుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తమ్ముడు వీధి అరుగు మీద కదలకుండా కూర్చుని, పెరటి వైపు చెవులు రిక్కించి ఉన్నాడు.

"ఏటిరా?" అన్నాను.

"రెండుసార్లు పిలిసింది. మూడోది కోసం సూస్తన్నాను."

పెరట్లోకి పరుగెత్తాను. అమ్మ నూతి దగ్గర జారిపడి ఉంది. ఒంట్లో ప్రాణం లేదు.

అక్కని, వాణ్ణి ఏమనగలను? మాత్రలు వాడినవాడు, అమ్మ మాట విన్నవాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక నూతిని తిట్టుకున్నాను.

మొన్న డాక్టరు అడిగాడు, గొంతులేమైనా ఇంకా వినిపిస్తున్నాయా అని. "నేదు సార్" అన్నాడు తమ్ముడు తల వంచుకుని. మందు అలాగే వాడమన్నాడు డాక్టరు.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు వణికే చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"అప్పా, అమ్మ గొంతు వస్తాది. రోజూ రెండుసార్లే. డాక్టరుకి సెప్పకు, మందు పెంచేస్తాడు. మూడోసారి పిలిస్తే నాను పలకాల కదా."