మెల్విన్ అంకుల్ కొట్టిన మేకు

మా కాలేజీ జాగ్రఫీ విభాగంలో స్టోరు గదికి తాళంచెవి ఒక్కటే. అది మెల్విన్ హిగా మెడలో, బూట్ల లేసుకి వేలాడుతూ ఉండేది. డీన్ గారికి గోడపటం కావాలన్నా, నాకు దిక్సూచి కావాలన్నా ఆయన గుమ్మం ముందు నిలబడి అడగాల్సిందే. "ఎందుకు? ఎన్నాళ్లకి? పోయినసారిది తిరిగిచ్చావా?" అని మూడు ప్రశ్నలు వేసేవారు. నేను అక్కడే చదువుకుని, అక్కడే పాఠాలు చెప్పే దాకా వచ్చినా నాకేమీ మినహాయింపు లేదు. పైపెచ్చు నన్నే గట్టిగా అడిగేవారు. చదువుకునే రోజుల్లో నేను పోగొట్టిన భూతద్దం ఆయన ఇంకా మర్చిపోలేదు.

ఆ గదిలో గోడవారగా ఒక చెక్క బీరువా ఉంది. దాన్నిండా బూట్లు. ఏటా ఫిబ్రవరిలో మొదటి సంవత్సరం పిల్లల్ని కిలౌయా అగ్నిపర్వతం పార్కుకి తీసుకెళ్తాం. బూట్లు వేసుకురండర్రా అని మూడు వారాల ముందునుంచీ మొత్తుకుంటాం. హవాయి దీవిలో మా హిలో ఊళ్లో పుట్టినవాళ్ల కాళ్లకి స్లిప్పర్లు తప్ప ఇంకేమీ ఎక్కవు. పెళ్లికీ అవే, చావుకీ అవే, అగ్నిపర్వతానికీ అవే. లావా రాళ్ల మీద పది నిమిషాలు నడిస్తే వాటి అడుగుభాగం కొబ్బరి కోరాముతో కోరినట్టు అవుతుంది. అందుకని పిల్లలు ఏళ్ల తరబడి కాలేజీలో వదిలేసిపోయిన బూట్లన్నీ అంకుల్ ఏరి, కడిగి, సైజుల వారీగా దాచిపెట్టారు.

"సైజెంత?"

"తొమ్మిది, అంకుల్."

"తొమ్మిదులు అయిపోయాయి. పది తీసుకో, రెండు జతల సాక్సులు వేసుకో. ఇంకోసారి ఈ స్లిప్పర్లతో కనబడ్డావో, కొండ మీదే వదిలేసి వస్తా. ఆవిడే చూసుకుంటుంది."

ఆవిడంటే పెలె, అగ్నిపర్వతాల దేవత. కొండ ఆవిడ ఇల్లు. అంకుల్ తాతలు జపాన్‌లోని ఒకినావా నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చినవాళ్లు. వాళ్లింట్లో దణ్ణం పెట్టేది బుద్ధుడికి. అయినా సరే, పార్కు పొదల్లో ఒహెలో పళ్లు కోస్తే మొదటి గుప్పెడు ఆవిడ వైపు విసిరేదాకా ఒక్క పండు కూడా మమ్మల్ని నోట్లో వేసుకోనిచ్చేవారు కాదు.

అంకుల్ పహాలా ఊళ్లో చెరకు కూలీల లైన్లలో పుట్టి, పదకొండేళ్లు చక్కెర మిల్లులో యంత్రాలు బాగుచేసి, భార్య డోరీన్ పోరు పడలేక కాలేజీలో స్టోరు పనికి వచ్చారట. "రోజూ ఆ బట్టల మసి ఉతకలేక నా చేతులు పడిపోయాయి" అని ఆంటీ చెప్పేవారు. మమ్మల్ని ట్రిప్‌కి పంపేటప్పుడు ముసుబీలు చేసి ఇచ్చేది ఆవిడే. అన్నం ముద్ద మీద వేయించిన స్పామ్, అంటే డబ్బా మాంసం, ముక్క పెట్టి, సముద్రపు నాచు రేకు చుట్టి, మనిషికి రెండు. ఎక్కువ తినేవాళ్ల కోసం ఇంకో నాలుగు విడిగా ఉండేవి. ఆ నాలుగూ అంకుల్ ఎవరికీ ఇచ్చేవారు కాదు.

అంకుల్ చేరిన కొత్తలో, 1983లో, అప్పట్లో జాగ్రఫీ చెప్పే హాల్వర్సన్ సార్ ఆయన్ని వెంటబెట్టుకుని పార్కులో మూసేసిన ఒక పాత రోడ్డు దగ్గరికి వెళ్లారు. అక్కడ రోడ్డును అడ్డంగా చీల్చుకుని ఒక నెర్రె పోతుంది. "ఈ కొండ ఊపిరి పీలుస్తుంది మెల్విన్, మనం ఛాతీ కొలుద్దాం" అన్నారట సార్. నెర్రెకి ఇటొకటి అటొకటి రెండు మేకులు కొట్టించారు. ఏటా ట్రిప్‌లో పిల్లల చేత ఆ మేకుకీ ఈ మేకుకీ మధ్య దూరం ఒకే ఇనుప టేపుతో కొలిపించి, రిజిస్టర్లో ఎర్ర సిరాతో తానే రాసేవారు. ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగేది. అంతకు మించి ఎప్పుడూ పెరగలేదు. ఇంతదూరం వచ్చింది దీనికా అని పిల్లలు మొహాలు వేలాడేసేవారు.

నేను మొదటి సంవత్సరంలో ఉన్నది 1997లో. నిజానికి నేను చేరింది నర్సింగుకి, మా అమ్మ కోసం. జాగ్రఫీ ఏదో ఖాళీ నింపడానికి తీసుకున్నాను. ఆ ఏడాది హాల్వర్సన్ సార్‌కి జబ్బు ముదిరిపోయింది. చక్రాల కుర్చీలో వచ్చారు. వ్యానులోంచి దింపుతుంటే ఆయన మోకాళ్లు ప్యాంటులో రెండు కర్రల్లా కనిపించాయి. నెర్రెకి అవతల పొదలో ఒక అడవిబాతు గుడ్ల మీద కూర్చుందని పార్కువాళ్లు చుట్టూ తాడు కట్టేశారు. పొద్దున్నే తన పికప్‌లో ముందుగా వచ్చేసిన మెల్విన్ అంకుల్ ఆ తాడు పక్కనే మోకాళ్ల మీద కూర్చుని టేపు కొస పట్టుకున్నారు. ఇవతల సార్ తన మేకు దగ్గర, కుర్చీలోంచి వంగి, టేపు మీద బొటనవేలు పెట్టి అంకె చదివారు. మళ్లీ చదివారు.

"నాలుగు సెంటీమీటర్లు!" అని అరిచారు. "మెల్విన్! ఒక్క ఏడాదిలో నాలుగు సెంటీమీటర్లు!"

అంత బక్క మనిషిలోంచి అంత నవ్వు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. కళ్లజోడు జారి ఒళ్లో పడింది. మేమందరం చప్పట్లు కొట్టాం. కాళ్ల కింద నేల కదులుతుందని పుస్తకంలో చదవడం వేరు, అది కదిలిందని ఒక మనిషి అలా మురిసిపోవడం చూడడం వేరు. వారం తిరగకుండా నర్సింగు మానేసి జాగ్రఫీలో చేరాను. మా అమ్మ మూడు నెలలు నాతో మాట్లాడలేదు. సార్ మే నెలలో పోయారు. రిజిస్టర్లో ఆయన చేతిరాతతో ఉన్న ఆఖరి అంకె అదే.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ అంకె మీదే నేను ఒక పేపరు రాశాను. 1997 ఫిబ్రవరికి ముందు ఏడాదిలో ఆ చుట్టుపక్కల పెద్ద భూకంపం ఏదీ నమోదు కాలేదు. మరి నెర్రె నాలుగు సెంటీమీటర్లు ఎలా తెరుచుకుంది? ఎవరికీ తెలియకుండా, చప్పుడు లేకుండా కొండ జరిగిందన్నది నా వాదన. మార్చిలో హోనొలులు సదస్సులో చదవడానికి ఒప్పుకున్నారు కూడా. ఫిబ్రవరి ట్రిప్ ముందురోజు ఆ గ్రాఫు పట్టుకెళ్లి స్టోరు గదిలో అంకుల్‌కి గర్వంగా చూపించాను. సన్నగా పాకే గీత, 1997 దగ్గర మెట్టులా పైకి లేచింది. అంకుల్ దాన్ని చాలాసేపు చూశారు. ఆ రోజు పది అడిగినవాడికి ఏడు, ఏడు అడిగిన పిల్లకి పదకొండు సైజు బూట్లు ఇచ్చారు. జూన్‌లో రిటైరవుతున్నారు కదా, దిగులేమో అనుకున్నాను.

మర్నాడు కొలత అయ్యాక పిల్లలు వ్యాను నీడన చేరి కొట్లో కొన్న ముసుబీలు తింటున్నారు. అంకుల్ నన్ను సైగ చేసి పిలిచారు.

"కేహౌ, ఇలా రా. భయపడకు, బాతు లేదులే."

పొద కొమ్మలు పక్కకి జరిపారు. లోపల రాతిలో ఒక మేకు. తుప్పు పట్టి ముదురు గోధుమరంగులో ఉంది.

"ఏంటిది?"

"అసలు మేకు."

"మరి ఇందాక పిల్లలు కొలిచింది?"

"అది తొంభై ఏడులో నేను కొట్టింది. బాతు లేవదు. పార్కమ్మాయి తాడు దాటనివ్వదు. సార్ చూస్తే వస్తానని పట్టుబట్టారు. సరే అని పొద్దున్నే వచ్చి, సార్ వైపు మేకు నుంచి పోయినేడాది దూరమే కొలిచి, ఇక్కడ గుర్తు పెట్టి కొట్టా. రాయి గాజులా ఉంది. మొదటి దెబ్బకే జారి, రెండో దెబ్బకి దిగిపోయింది. లాగితే రాలేదు. ఈలోగా మీ వ్యాను వచ్చేసింది."

నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

"ఇరవై ఏళ్లు అంకుల్! ఇరవై ఏళ్లలో ఒక్కరోజు కూడా నోరు పెగల్లేదా మీకు? భూతద్దం పోతే పది మందిలో నిలబెట్టి కడిగేశారు నన్ను! కొండ కదిలిందని చెప్పడానికి వచ్చే నెల అంతమంది ముందుకి వెళ్తున్నా. కదిలింది మీ సుత్తి!"

"అందుకే ఇప్పుడైనా చెబుతున్నా."

"చెప్పి నన్ను ఉద్ధరించారు. థాంక్స్."

ఆయన చొక్కా లోపలి నుంచి ఒక చిన్న నోటుపుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. అట్ట మీద సోయా సాస్ మరకలు. తిరిగొచ్చేటప్పుడు ముప్పై మైళ్లూ నేను ఆయన వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున కాఫీ పెట్టుకుని ఆ పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో తేదీ 1997 ఏప్రిల్. బాతు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయాక అంకుల్ వెళ్లి అసలు మేకు నుంచి కొలిచారు. ఆ ఏడాది పెరిగింది రెండు మిల్లీమీటర్లు. ఆ తర్వాత ఏటా, ట్రిప్ అయిన మరుసటి ఆదివారం, పెన్సిల్‌తో ఒక అంకె. పక్కన వాన, పొగ, ఎండ అని ఒక్కో మాట. టేపు రెండో కొస ఎవరు పట్టారో కూడా రాశారు. 2011 దాకా ప్రతి వరసలో డోరీన్. డోరీన్ ఆంటీ ఆ ఏడాది వేసవిలో పోయారు. 2012 నుంచి ఆ చోట 'రాయి' అని ఉంది. టేపు కొస మీద రాయి పెట్టి ఒక్కరే కొలిచారన్నమాట. ఆ మాట దగ్గర నా కోపం కాస్తా నీరుగారిపోయింది, ఏడుపు వచ్చింది. కాఫీ చల్లారిపోయింది.

నా పేపరు మాత్రం పోయింది. కొండ దూకలేదు. ఎప్పటిలాగే మెల్లగా పాకింది. ఏ అంకె చూసి నేను నా చదువు మార్చుకున్నానో, మా అమ్మ చేత మూడు నెలలు మౌనవ్రతం పట్టించానో, అది ఒక మేకు జారుడు. కాసేపు నవ్వుకున్నాను, కాసేపు తిట్టుకున్నాను. చివరికి పాత రిజిస్టరూ, ఆ పుస్తకమూ కలిపి లెక్కేస్తే, ఒకే చోట, ఒకే రెండు మేకుల మధ్య, ఒకే టేపుతో ముప్పై నాలుగేళ్ల కొలతలు ఒక్క ఏడాదీ తప్పకుండా నా బల్ల మీద ఉన్నాయి. అలాంటివి ఎవరి దగ్గరున్నాయి? మెట్టు గ్రాఫు చించేసి పేపరు కొత్తగా రాశాను. పైన ఇద్దరి ఇంటిపేర్లూ పెట్టాను, ఆయనది హిగా, నాది మెడీరోస్. ఆయన పేరే ముందు.

"నా పేరెందుకే? దొంగ మేకు కొట్టినవాణ్ణి" అన్నారు అంకుల్.

"కొట్టిందీ మీరే, కొలిచిందీ మీరే. నోరు మూసుకుని టికెట్టు తీసుకోండి."

"మరి ఆ తొంభై ఏడు సంగతి?"

"దాని ఊసెత్తను. మీ పుస్తకంలో అంకె వేస్తా. ఎవడికి తెలుస్తుంది?"

అలా అన్నది పూర్తిగా ఆయన మీద ప్రేమతోనే. రిటైరయ్యే ముందు ఆ మనిషిని నలుగురిలో తలదించుకునేలా చేయడం నాకిష్టం లేదు. ఆయన టికెట్టు జేబులో పెట్టుకుని బూట్ల బీరువా వైపు తిరిగారు.

హోనొలులుకి అంకుల్ ఇస్త్రీ చేసిన పూల చొక్కాతో, పాలిష్ చేసిన బూట్లతో వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. నేను చదవడం అయ్యాక వెనక నుంచి తెల్లజుట్టు పెద్దాయన ఒకరు లేచారు. చాలా ఏళ్ల కిందట హాల్వర్సన్ సార్ దగ్గర చదువుకున్నారట.

"సార్ పోయేముందు నాకు ఉత్తరం రాశారమ్మా. తొంభై ఏడులో నెర్రె నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుందని. మీ పట్టికలో రెండు మిల్లీమీటర్లే ఉంది. ఆయన పొరబడ్డారా, లేక ఆ చివరి రోజుల్లో బుర్ర సరిగా లేదా?"

ఏదో నీళ్లు నమలబోతున్నాను. మొదటి వరసలో కుర్చీ కిర్రుమంది. మెల్విన్ అంకుల్ లేచి నిలబడ్డారు.

"సార్ బుర్రకేం కాలేదు. టేపు మీద ఉన్నదే చదివారు. మేకు తప్పు. జారింది. కొట్టింది నేను."

హాలంతా ఆయన వైపు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పెద్దాయన నవ్వలేదు.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ?"

అంకుల్ మెడలో తాళంచెవిని వేళ్లతో పట్టుకున్నారు.

"చెబుదామనే నోరు తెరిచానండీ. సార్ నవ్వుతున్నారు."