చెయ్యి వణికితేనే కుదిరే బొమ్మలు

మా ఆయన తాగుడు మానేసిన ఏడాది మా ఇంటి నిండా శవాలే. ప్లాస్టిక్ శవాలు, వేలెడంతేసి.

ఆయన గిలకలదిండి హార్బరులో పడవల మీద పేర్లు రాసేవారు. బందరులో కొట్లకి బోర్డులు కూడా రాసేవారు గానీ, ఫ్లెక్సీలొచ్చాక ఆ పని పోయి పడవలే మిగిలాయి. తాగుడు ముదిరాక చెయ్యి వణికేది. ఆ వణుకు ఆగడానికి పొద్దున్నే రెండు గుక్కలు పడాలి. పడితే గీత తిన్నగా వచ్చేది. నేను స్కూల్లో పిల్లలతో గొంతు చించుకుని, ఇంటికొచ్చి ఈయనతో మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. చివరికి డాక్టరుగారు లివరు సంగతి చెప్పి భయపెడితే మానేశారు. మానేశాక చెయ్యి మరీ వణికింది. కాఫీ గ్లాసు పట్టుకుంటే సగం లుంగీ మీదే. "గీత రాని చెయ్యి ఉంటే ఎంత, పోతే ఎంత" అంటూ కూర్చునేవారు. ఖాళీగా కూర్చుంటే మళ్ళీ సీసా దగ్గరికే పోతారని నా భయం.

మా తమ్ముడిది బెంగళూరులో ఉద్యోగం. ఆఫీసు స్నేహితులతో కలిసి బల్ల మీద బొమ్మల సైన్యాలు నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధం ఆడుకుంటాడు. ముప్పై ఏళ్ళొచ్చినా అదేం ఆటో! మిగతావాళ్ళు మనుషుల సైన్యాలు కట్టుకుంటే వీడి వంతుకి జాంబీలొచ్చాయి. అంటే చచ్చి, లేచి నడిచే శవాలు. మూడు రకాల నమూనాలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"బావా, నువ్వే రంగులెయ్యాలి. ఏ రకం తెప్పించమంటావు? గుంపు కావాలి, పెద్ద గుంపు."

ఒకటి మెత్తటి ప్లాస్టిక్‌తో ఒకే ముక్కగా పోసిన రకం. అన్నీ చేతులు ముందుకు చాపుకుని ఉన్నాయి. "ఇవే తీసుకోండి, రంగు పూస్తే అయిపోతుంది" అన్నాను నేను. రెండోది మహా నాజూకు, పక్కటెముకలు కూడా తెలుస్తాయి. మూడోది గట్టి ప్లాస్టిక్. తలలు, చేతులు, మొండేలు విడివిడిగా వస్తాయి, జిగురుతో అతకాలి.

ఆయన మొదటి రకాన్ని వరసగా నిలబెట్టి చూశారు. "ఇదేం గుంపురా? స్కూల్లో డ్రిల్లు చేస్తున్నట్టుంది. చచ్చాక కూడా అందరూ ఒకేలా నడుస్తారేంటి?" నాజూకు రకాన్ని అసలు ముట్టుకోలేదు. విడిముక్కల్లోంచి ఒక చెయ్యి తీసి అతికించబోయారు. వేళ్ళు వణికి, అది భుజం మీద తిరగబడి అంటుకుపోయింది. ఆయన ముఖం పక్కకి తిప్పేసుకున్నారు.

తమ్ముడు ఆ బొమ్మని అందుకుని, "అబ్బ, ఇది చూడవే అక్కా! అచ్చం విరిగిన చెయ్యే. నేనెంత కుస్తీ పట్టినా ఇలా రాదు" అన్నాడు. ఓదార్పుకి అనలేదు, వాడు నిజంగానే ముచ్చటపడ్డాడు. ఆయన ఇంకోటి అతికించారు. అదీ వంకరే. అదీ బాగానే ఉంది.

దాంతో విడిముక్కల రకమే ఖాయమైంది. డబ్బాలు పార్సిల్లో వచ్చాయి. ఒంటిరంగు కోసం ఆయన హార్బరుకెళ్ళి, ఐసులో మిగిలిపోయిన చేపల్ని చూసొచ్చి మరీ కలిపారు. భోజనాల బల్ల మీద అన్నం గిన్నె పక్కనే ఈ పీనుగులు! "ఛీ, తియ్యండి అవతలికి" అని రోజూ అరిచేదాన్ని. అరుస్తూనే లోపల సంతోషపడేదాన్ని. ఆయన చెయ్యి వంక మాత్రం చూసేదాన్ని కాదు. చూస్తే ఇంకా వణికేది.

ఆరబెట్టడానికి పీటలు మెట్లుగా పేర్చి, వాటి మీద నిలబెట్టారు. దసరా రోజులవి. ఎదురింటి పిన్నిగారు కిటికీలోంచి చూసి, పట్టుచీర కట్టుకుని వచ్చేశారు. "ఏంటమ్మా, బొమ్మల కొలువు పెట్టి పేరంటానికి పిలవనే లేదు?" అంటూ దగ్గరికెళ్ళి కళ్ళజోడు సవరించుకున్నారు. "వీళ్ళు ఏ దేవుళ్ళమ్మా? పాపం, ఇంతలా చిక్కిపోయారేం?"

మా ఆయన పడీపడీ నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

తర్వాత ఒక సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆయన ఇంట్లో లేరు. బల్ల మీద కొత్తగా రంగేసిన జాంబీ ఉంది. దాని చొక్కాకి సన్నటి నిలువు చారలు. ఒక్కటీ వంకర లేదు. ఆయన గీత తిన్నగా వచ్చేది గుక్క పడ్డప్పుడేగా! బియ్యం డబ్బాలో, బీరువా వెనక, అటక మీద అంతా వెతికాను. సీసా దొరకలేదు.

ఆయన పాల పాకెట్టు పట్టుకుని వచ్చారు.

"ఎక్కడ తాగొచ్చారు?" అన్నాను.

ఆయన బొమ్మ వంక చూశారు, నా వంక చూశారు. కోప్పడలేదు. దగ్గరికొచ్చి నా ముఖం మీదికి ఊపిరి వదిలారు. కాఫీ వాసన, అంతే. తర్వాత కూర్చుని, బ్రష్షు తీసుకుని, నేను చూస్తుండగానే ఇంకో చార గీశారు. చెయ్యి వణకలేదు. నేను అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

"ఏడవకే. మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి" అన్నారు, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా. "శవాలు ఇక నా వల్ల కాదని చెప్పు. ఎలా వేసినా ప్రాణమున్నట్టే వస్తున్నాయి. బతికున్నవాళ్ళుంటే పంపమను."