యాక్సిలరేటర్ వైరు తెగిన రోజు

పదకొండింటికల్లా గిద్దలూరులో ఉండాలి. మా ఆవిడకి ఇంటర్వ్యూ. హాస్టల్ ఉన్న బడిలో తెలుగు టీచరు ఉద్యోగం. వస్తే అక్కడే ఉండిపోవాలి, నెలకోసారి ఇంటికి రావాలి. వెళ్దామని నోటితో అన్నానే గానీ, ఆ ఉద్యోగం రాకపోతే బాగుండునని లోపల కోరుకుంటూనే ఉన్నాను. పదేళ్లుగా దర్శిలో మా దుకాణం ఆమే చూసుకుంటోంది.

బస్సుకు పోదామని ఆమె అంటే నేనే వినలేదు. బండి తీశాను.

పొదిలి దాటాక చైను ఊడింది. స్క్రూడ్రైవర్‌తో చక్రం పళ్ల మీదికి ఎక్కించాను. చేతులు నల్లబడ్డాయి, చొక్కా నల్లబడింది. బండిని తిట్టాను, రోడ్డును తిట్టాను, ఎండను కూడా వదల్లేదు. ఆమె ఫైలు పట్టుకుని ఐదు నిమిషాలకోసారి వాచీ చూస్తుంటే నాకు ఒళ్లు మండింది.

తర్లుపాడు దాటి కొంచెం దూరం పోయామో లేదో, యాక్సిలరేటర్ వైరు పుటుక్కున తెగింది. చుట్టుపక్కల మెకానిక్ షాపు కాదు కదా, టీ బంకు కూడా లేదు.

నిజం చెప్పాలి. ఆ వైరులో పోగులు తెగుతున్నాయని నాకు వారం ముందే తెలుసు. హ్యాండిల్ దగ్గర పట్టేస్తుంటే విప్పి చూశాను. చూసి మళ్లీ బిగించేశాను. దుకాణంలో తీరిక లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఆగాడు.

"ఏందప్పా, ఏమైంది?"

"వైరు తెగింది తాతా."

"కొసను పుల్లకు చుట్టి చేత్తో లాక్కుంటా పోరాదూ? మా అల్లుడు అట్లనే కంభం దాకా పోయినాడు."

వేప పుల్ల విరిచి, వైరు బయటికి లాగి చుట్టాను. కానీ నా రెండు చేతులూ హ్యాండిల్‌కే సరిపోయాయి.

"నేను లాగుతా" అంది ఆమె. ఫైలు మా ఇద్దరి మధ్య ఇరికించి, నా నడుము పక్కనుంచి చెయ్యి చాచి పుల్ల అందుకుంది.

లాగమంటే బండి ఎగిరి దూకింది. వదలమంటే ఆలస్యంగా వదిలింది. కాసేపు కొట్లాటే. తర్వాత నేను క్లచ్ పట్టగానే, చెప్పకముందే వదలడం నేర్చుకుంది.

"మెల్లగా" అన్నాను.

"టైం చూసినారా?" అని ఇంకాస్త లాగింది.

నా చేతిలో బ్రేకు ఒక్కటే మిగిలింది. కంభంలో మెకానిక్ షాపులు కనబడినా ఆగనివ్వలేదు. ఇక ఈ మనిషి ఆగదనిపించింది, దిగులేసింది.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా చేరాం. అరచేతి మసి కూడా తుడుచుకోకుండా లోపలికి పోయింది. నేను ఎదురుగా ఉన్న షాపులో బండి ఇచ్చి, ఒక్కచోట నిలవలేక రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను.

ఎంతసేపటికో మెకానిక్ పిలిచాడు. తెగిన వైరు నా ముందు పెట్టాడు.

"ఏందన్నా, ఇది ఒక్కరోజులో తెగింది గాదు. ముందే చూసుకోలేదా?"

వెనక్కి తిరిగితే ఆమె నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. అబద్ధం నోటి దాకా వచ్చింది, చెప్పలేకపోయాను.

"చూసినా" అన్నాను.

"సోమవారం చేరమన్నారు" అంది. ఫైలు సంచిలో పెట్టుకుంటూ, మెకానిక్‌కి వినబడనంత మెల్లగా అంది: "మీరు వైరు విప్పి చూసిన పొద్దు నేను వాకిట్లోనే ఉన్నా. మార్పిస్తారేమోనని వారమంతా చూసినా."