డ్రోన్ కోసం మార్చిన గన్

2011. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. జనగామలో రాస్తారోకోల సంగతి ఇంటివాళ్లు ఫోన్లో చెబితే వినేవాణ్ని. మాది జఫర్‌గఢ్. సైన్యంలో విమానాలను కూల్చే గన్నులు బాగుచేసే హవల్దార్‌ని. ఆ ఏడు ఎడారిలోని ఫైరింగ్ రేంజ్‌లో ఉన్నాను.

జెట్ విమానాల కోసం చేసిన పాత గన్‌ను డ్రోన్ల మీద వాడగలమా అన్నది మాకిచ్చిన పని. డ్రోన్ చిన్నది, నిదానంగా పోతుంది. రాడార్ దాన్ని పిట్ట అనుకుని వదిలేస్తుంది. అందుకని గన్‌కు కెమెరా బిగించి గన్నర్ ముందు తెర పెట్టాం. డ్రోన్ కిందికి దిగినా అందేలా బ్యారెల్ మరింత కిందికి వాలేటట్టు చేశాం. దాంతో మన మనుషులకే గుండు తగిలే ప్రమాదం వచ్చిపడింది. వాళ్లున్న దిక్కుకు తిరిగితే పేలకుండా కరెంటు తెంచే ఏర్పాటును ఫైరింగ్ కటౌట్ అంటారు. దాన్ని కొత్త కోణాలకు తగ్గట్టు మళ్లీ అమర్చాల్సిందేనని పట్టుబట్టాను. పరీక్ష మర్నాటికి వాయిదా పడింది.

గన్నర్ బాలుది కొత్తగూడ దగ్గర తండా. "అన్న, డ్రోన్ ఎగిరేది ముందట. మనోళ్లుండేది పక్కకు. గటు దిక్కు ఎవడు కాలుస్తడే?" అని విసుక్కున్నాడు.

"ఎవడు కాల్వడనే అందరం అనుకుంటం. జర ఆగు" అన్నాను.

డ్రోన్ నడిపే సురేష్‌ది కృష్ణా జిల్లా. ఆ సాయంత్రం మెస్‌లో ప్రత్యేక రాష్ట్రం గురించి బాలుతో వాదన ముదిరి, అతను బాలు యాసను వెక్కిరించాడు. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి.

మర్నాడు పరీక్ష మధ్యలో గాలి మళ్లింది. డ్రోన్ అదుపు తప్పి, గన్‌కు పక్కగా సురేష్ ఉన్న కందకం మీదికి వాలింది. బాలు కళ్లు తెర మీదే ఉన్నాయి. తెర నిండా డ్రోనే. ఫైరింగ్ పెడల్ తొక్కాడు. గన్ పేలలేదు.

"అన్న, పేలుతలేదు" అన్నాడు, ఇంకా తొక్కుతూనే.

భుజం పట్టుకుని అతని తల పక్కకు తిప్పాను. బ్యారెల్ నేరుగా కందకం వైపు ఉంది. అందులోంచి సురేష్ తల కనబడుతోంది.

బాలు దిగివచ్చి ఇసుకలో కూలబడ్డాడు. "తెర మీద గాయన కనబడలె అన్న. నిన్నటి కోపం మీద కాల్చిననుకుందురు."

సురేష్ వచ్చాక జరిగినదంతా దాచకుండా చెప్పాను. అతను బాలు పక్కనే కూర్చుని, "నీ సీట్లో ఉంటే నేనూ తొక్కేవాణ్ని బాలూ. నిన్న నేనన్నది మాత్రం తప్పే" అన్నాడు.

తెర చూసే గన్నర్ పక్కన, తెర చూడని మనిషి ఒకడు ఉండాలని పై అధికారులను అడిగాం. ఒప్పుకున్నారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ గన్‌కు ఏ కొత్త పరికరం బిగించినా ముందు నేనే గన్నర్ సీట్లో కూర్చునేవాణ్ని. కొత్తగా ఏం కనబడుతోందన్నది కాదు, ఇదివరకు కనబడింది ఏది మరుగున పడిందన్నదే మొదట చూసుకునేవాణ్ని.