నూనె కారని గొట్టం

నా చిన్నప్పుడు మా అమీర్‌పేట ఇంటి వాకిట్లో నాన్న మోటారు సైకిల్ ఉండేది. అప్పటికే అది బాగా పాతది. నాన్న కంటే దానికే వయసెక్కువని అమ్మ ఎగతాళి చేసేది. ముందు చక్రానికి అటూ ఇటూ రెండు లావుపాటి గొట్టాలుండేవి. ఫోర్కులంటారు వాటిని. లోపల స్ప్రింగూ నూనే ఉండి, రోడ్డు మీది కుదుపులన్నీ అవే భరిస్తాయి. ఎడమ గొట్టంలోంచి నూనె కారి వాకిట్లో బండల మీద మరకలు పడేవి. ఈ నెల బాగు చేయిస్తా, వచ్చే నెల చేయిస్తా అంటూనే నాన్న జ్వరంతో మంచం పట్టాడు. మళ్లీ లేవలేదు.

అమ్మ ఏడుపు వాడంతా విన్నది. ఎప్పుడు చూసినా చుట్టూ ఆడవాళ్లు కూర్చుని వీపు నిమురుతూ ఉండేవాళ్లు. మా తాతయ్య కంట మాత్రం చుక్క రాలేదు. కట్టెలు తెప్పించాడు, వచ్చినవాళ్లకు చాపలు పరిచాడు, దినాల వంటకు బియ్యం కొలిపించాడు. ఒక్కగానొక్క కొడుకు పోతే ఏం రాతిగుండెరా ఈయనది అని వచ్చినవాళ్లే గుసగుసలాడారు. కుండ నోటికి మూకుడుంటుంది కానీ ఊరి నోటికి ఉండదు కదా.

ఆ మాటలు అమ్మ చెవిన పడ్డాయి. పడటమే కాదు, ఆమె వాటిని నమ్మింది. తాతయ్యతో మాట్లాడటం మానేసి, ఆయన అన్నం కంచం నా చేత పంపించేది. నెల మాసికం కాగానే నన్నూ తమ్ముడినీ తీసుకుని వచ్చేస్తానని పుట్టింటికి కబురు కూడా పెట్టింది. నానమ్మ నేను పుట్టకముందే పోయింది. మేం కూడా వెళ్లిపోతే ఆ ఇంట్లో తాతయ్య ఒక్కడే మిగులుతాడు. నాకు ఆ దిగులుతో నిద్ర పట్టేది కాదు.

దినాలు ముగిసిన మర్నాడే తాతయ్య పంజాగుట్టలో ఉండే మెకానిక్ చాచాను పిలిపించాడు. ఆయన నాన్నకు ప్రాణస్నేహితుడు. బండిని షెడ్డుకు తీసుకెళతానంటే తాతయ్య ఒప్పుకోలేదు, ఇక్కడే విప్పమన్నాడు. లోపలి నుంచి అమ్మ అందరికీ వినపడేలాగే అన్నది.

"కొడుకు పోయినంక సుత బండి ఫికరే గీయనకు."

తాతయ్య వినే ఉంటాడు. వెళ్లి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

చాచా ఇంజను కింద ఇటుకలు పేర్చి, ముందు చక్రం ఊడదీసి, రెండు గొట్టాలూ బయటికి లాగాడు. ఆయనకదొక పట్టింపు. ఒకటి చెడినా రెండూ విప్పేవాడు, రెండింటికీ నూనె కారకుండా ఆపే కొత్త సీళ్లు వేసేవాడు, ఒకే సీసాతో కొలిచి రెండింట్లోనూ సమానంగా నూనె పోసేవాడు. రెండూ కలిసి మోసే బరువు కాబట్టి ఒకదాన్నే బాగుచేస్తే లాభం లేదనేవాడు. టీ గ్లాసు ఇవ్వడానికి వాకిట్లోకి వచ్చిన అమ్మ అది చూసి ఆగింది.

"కారేది గదొక్కటే గదన్నా. మంచిగున్నదాన్ని ఎందుకు ఇప్పుతున్నవ్?"

"మంచిగున్నదో లేదో లోపల జూస్తెనే గదా చెల్లె ఎరుకయ్యేది."

ముందుగా కారే గొట్టాన్ని డబ్బాలోకి వంచాడు. నల్లటి నూనె ఇంకా కొంత మిగిలే ఉంది. తర్వాత రెండోది వంచాడు. ఏమీ రాలేదు. తట్టాడు, ఊపాడు, తలకిందులు చేసి పట్టుకున్నాడు. లోపలి స్ప్రింగు లాగితే ఎర్రగా తుప్పుతో వచ్చింది.

"దీంట్ల ఎప్పుడో ఒడిసిపోయింది చెల్లె. లోపల ఉంటె గదా బయటికి కారనీకి."

చాచా బండి గురించే చెప్పాడు, ఇంకెవరి గురించీ కాదు. కానీ అమ్మ ఆ గొట్టాన్ని చూసి, గోడకు ఆనుకుని కూర్చున్న తాతయ్యను చూసింది. దినాలన్నీ మేం చూడనే లేదు, ఆయన మెడ ఎముకలు తేలి ఉన్నాయి. నేను తీసుకెళ్లిన అన్నం ఆయన రోజూ కుక్కకు పెడుతున్నాడని వాడలో తర్వాత ఎవరో చెప్పారు.

అమ్మ లోపలికి వెళ్లి కంచంలో అన్నం కలుపుకొచ్చి తాతయ్య ఎదురుగా కూర్చుంది.

"జర తిను మామా."

తాతయ్య ముద్ద తీసుకున్నాడు కానీ నోట్లో పెట్టుకోలేకపోయాడు. "గీ నెల బాగు చేపిస్త అన్నడు బిడ్డా," అన్నాడు. అంతే. ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు. అప్పుడు కూడా కన్నీళ్లు రాలేదు. అమ్మే ఇద్దరి ఏడుపూ ఏడ్చింది.

మేం అమ్మ పుట్టింటికి వెళ్లలేదు. కానీ తాతయ్య ఆ వానాకాలం దాటలేదు. గొట్టంలో కొత్త నూనె పోసినట్టు మనిషిని మళ్లీ నింపడం ఎవరి తరం? ఇంకొంచెం ముందు చూడాల్సిందని అమ్మ బతికినన్నాళ్లూ అనుకుంటూనే ఉంది.

పోయినేడు మావారు పోయినప్పుడు నా కంట కూడా చుక్క రాలేదు. ఎంత ధైర్యమమ్మా నీకు అని మెచ్చుకుని, అందరూ మా అమ్మాయిని ఓదార్చడానికి వెళ్లారు. తాతయ్య ఆ వాకిట్లో ఎంత ఒంటరిగా కూర్చున్నాడో ఆ సాయంత్రం తెలిసింది నాకు.

ఏడ్చేవాళ్లకు నలుగురు ఎప్పుడూ ఉంటారు. అందుకే ఏ చావింటికి వెళ్లినా నేను వంటవాళ్లతోనో, కుర్చీలు దించేవాళ్లతోనో మాట్లాడుతూ తిరిగే మనిషి కోసం వెతుక్కుంటాను. పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఏడవమని చెప్పను. అన్నం తిన్నావా అని అడుగుతాను, తినేదాకా అక్కడినుంచి లేవను.